అచ్చులో పడిన పేరు

నా చిన్నతనమంతా ఢిల్లీలో, ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లలో గడిచింది. మా నాన్నగారు తెనాలి వైపు నుంచి వచ్చి ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా కుదురుకున్నారు. మా బ్లాకు వెనక వరసలో ఒంటిగది క్వార్టర్లుండేవి. వాటిలో ఒకదాంట్లో నాన్నగారి ఆఫీసులోనే దఫ్తరీగా పనిచేసే ఒకాయన ఉండేవాడు. చిరిగిన ఫైళ్ళకు కుట్లు వేయడం, రిజిస్టర్లకు అట్టలు కట్టడం ఆయన పని. శ్రీకాకుళం వైపు మనిషి. భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉండేవారు. ఈ ఉద్యోగానికి రాకముందు ఆయన సైన్యంలో, అదీ పదాతి దళంలో, సిపాయి. కాలనీలో పంజాబీ పిల్లలూ బెంగాలీ పిల్లలూ ఆయన్ను ఫౌజీ అంకుల్ అనేవారు. మా ఇంట్లో ఫౌజీ మావయ్య.

సాయంత్రాలు మేము ఆడుకుని ఒగరుస్తూ వచ్చేసరికి ఆయన గుమ్మం ముందు నవారు మంచం మీద కూర్చుని ఉండేవాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి కాళ్ళు చూపించమనేవాడు. ఒక్కొక్కరి పాదం ఎత్తి, వేళ్ళ సందుల్లో తడి ఉందేమో చూసి, ఉంటే తన తుండుగుడ్డతో తుడిచేవాడు. ఎక్కడైనా ఒరుసుకుపోయి ఉంటే కొబ్బరినూనె రాసేవాడు. మాకది ఆటలా ఉండేది. "పదాతి అంటే ఏటనుకున్నారు? పాదాలే. తుపాకీ ఆ తరవాత," అనేవాడు. ఆయన ఎడమ కాలికి మూడే వేళ్ళు. మిగిలిన రెండూ ఏమయ్యాయని అడిగితే కొండమీద మర్చిపోయి వచ్చానని నవ్వేవాడు.

నేను ఏడో తరగతిలో ఉన్నాను. పాకిస్తాన్‌తో తూర్పున యుద్ధం అప్పుడే ముగిసింది. కిటికీ అద్దాలకు అంటించిన నల్లకాగితాలు ఇంకా చాలా ఇళ్ళలో పూర్తిగా ఊడలేదు. ఎక్కడ విన్నా సైనికుల మాటే. మా స్కూల్లో వ్యాసాల పోటీ పెట్టారు. మీకు స్వయంగా తెలిసిన ఒక సైనికుడి గురించి ఇంగ్లీషులో రాయాలి. గెలిచినవాళ్ళకు ఒక కప్పు ఇస్తారు, వ్యాసాన్ని స్కూలు వార్షిక పత్రికలో అచ్చు వేస్తారు. ఇంగ్లీషులో క్లాసుకు నేనే ఫస్టు. కానీ మా క్లాసులో ఒక కల్నల్ గారి కూతురు ఉంది. ఆ అమ్మాయి తండ్రికి పతకం కూడా వచ్చింది. నాకు తెలిసిన సైనికుడల్లా రిజిస్టర్లకు అట్టలు కట్టే సిపాయి ఒక్కడే. ఆ నామోషీ నన్ను మొదటి నుంచీ పొడుస్తూనే ఉంది.

నేను వెళ్ళి అడగ్గానే ఫౌజీ మావయ్య మొహం విచ్చుకుంది. ట్రంకుపెట్టె తెరిచి, పాత పేపరులో చుట్టిన లావుపాటి పుస్తకం తీశాడు. అది ఆయన పనిచేసిన రెజిమెంటు చరిత్ర. పూర్వం ఏ దొర కాలంలో ఆ పటాలం పుట్టిందో మొదలుకొని, ఏ యుద్ధంలో ఎక్కడెక్కడ పోరాడిందో అందులో ఉంది. చుట్టూ బంగారు గీతలున్న అట్ట. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే.

"ఇది కొని రెండేళ్ళయింది. ఇందులో ఒకడి పేరు ఉందేమో ఎవుర్నీ అడగలేకపోయినాను. నువ్వు సూసి సెప్తావేటి?" అన్నాడు.

మూడు సాయంత్రాలు ఆ మంచం మీద కూర్చుని వెతికాను. ఆయన వెళ్ళిన చైనా యుద్ధం గురించి ఆ పుస్తకంలో పెద్ద అధ్యాయమే ఉంది. మేజర్ల పేర్లున్నాయి, ఎవరికి ఏ పతకం వచ్చిందో ఉంది, బ్యాండు వాయించేవాళ్ళ ఫొటో కూడా ఉంది. ఆయన కంపెనీ వెనక్కి నడిచి వచ్చిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. వాతావరణం వల్ల కొంత నష్టం జరిగిందని అందులో రాశారు. చివర పేర్ల పట్టికలో కూడా వేలు పెట్టి ఒక్కో వరసే చూశాను. ఆయన చెప్పిన పేరు లేదు.

 ఆయన పుస్తకం మళ్ళీ పేపర్లో చుట్టి, "కొంత నష్టం అంటే ఆడేనమ్మా," అన్నాడు. ఆ తరవాత మొదలుపెట్టి అంతా చెప్పాడు.

ఆ పేరు గలాయన విజయనగరం దగ్గరివాడు. ఇద్దరూ ఒకే రోజున చేరారు, ఒకే గుడారంలో పడుకున్నారు. పల్టన్‌లో అలాంటి ఇద్దరిని జోడీదార్లంటారు. మంచుకొండల మీద వాళ్ళకు గుడ్డ బూట్లు, నూలు బట్టలు ఉండేవి. వెనక్కి రమ్మని ఉత్తరువు వచ్చేసరికి దారులు మూసుకుపోయాయి. అయిదు రోజులు నడిచారు. రెండో రోజున ఒక వాగు మీద దుంగ దాటుతూ మావయ్య జారి మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. ఆ చలిలో తడి కాలు పూట గడిచేలోగా చచ్చిపోతుందట. జోడీదారు దగ్గర ఒక జత ఊలు మేజోళ్ళున్నాయి. భార్య అల్లి పంపినవి. ఎంత చలేసినా తొడుక్కోకుండా, మరీ గడ్డుకాలం వస్తే చూద్దామని చొక్కా లోపల కడుపుకు ఆనించి దాచుకున్నాడు. వాటిని తీసి, వద్దంటున్నా వినకుండా మావయ్య కాళ్ళకు తొడిగాడు. మర్నాడు అతని బూటు అడుగు ఊడిపోయింది. కంబళి చింపి కట్టుకున్నాడు. నాలుగో రోజుకు పాదాలు నల్లబడ్డాయి. వాటి మీదే నడిచాడు. నడవలేనప్పుడు మావయ్య వీపు మీద వేసుకున్నాడు. అయిదో రోజు పొద్దున్న, దూరంగా క్యాంపు పొగ కనిపిస్తుండగా, ఒక్క క్షణం దింపమన్నాడు. దింపితే మళ్ళీ లేవలేదు.

"ఆ అయిదు రోజుల్లో మేం ఒక్క గుండు కూడా పేల్చలేదమ్మా," అన్నాడు మావయ్య. ఆయన గొంతులో సిగ్గూ లేదు, గొప్పా లేదు.

లేచి వెళ్ళి చిన్న కాగితం ముక్క తెచ్చాడు. ఆఫీసులో ఎవరో సూపరింటెండెంటు చేత జోడీదారు పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయించి ఉంచుకున్నాడు. "పెద్దపుస్తకంలో ఎలాగూ నేదు. నీ పుస్తకంలోనన్నా ఉండనీ. అచ్చరం తప్పు పోనీకు. ఆడి పెళ్ళాం ఘాజియాబాద్‌లోనే ఉంది. నాను సెప్తాను, పేరు అచ్చులో పడతాదని," అన్నాడు.

ఇంటికి వచ్చి కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎంత రాసినా నాకు తృప్తిగా లేదు. తుపాకీ పేలలేదు, శత్రువు కనిపించలేదు, పతకం రాలేదు. మేజోళ్ళ గురించి రాస్తే కల్నల్ గారి కూతురు నవ్వుతుందనిపించింది. మూడో పేరాలో శత్రువులు వచ్చారు. నాలుగో పేరాకు మావయ్య ఒక్కడే రాతి చాటున నిలబడి తెల్లవార్లూ కాల్పులు జరిపాడు. ఒక్కడే ఎందుకు మిగిలాడో చెప్పాలి కదా. పక్కన ఉన్న జోడీదారు భయపడి, తుపాకీ పారేసి, చీకట్లో పారిపోయాడని రాశాను. పారిపోతూ మంచులో పడి చచ్చిపోయాడు. ధైర్యానికి పక్కన పిరికితనం ఉంటే ధైర్యం మరింత మెరుస్తుందని ఎవరూ నేర్పకుండానే నాకు తెలిసిపోయింది.

కనీసం పేరన్నా మార్చి ఉండొచ్చు. ఏదో ఒక పేరు కల్పించడం నిమిషం పని. కానీ ఆ కాగితం ముక్క నా ఎదురుగానే ఉంది. దాన్ని చూసి, అక్షరం తప్పు పోకుండా, జాగ్రత్తగా ఎక్కించాను. అంత దుర్మార్గం చేస్తున్నానని నాకు అప్పుడు తోచలేదు. వాక్యం బాగా వచ్చిందని మాత్రం తోచింది.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఒకసారి రాసింది చాలు.

కప్పు నాకే వచ్చింది. పత్రిక అచ్చయి వచ్చింది. గెలిచినవాళ్ళకని నాకు నాలుగు కాపీలిచ్చారు. ఆదివారం పొద్దున్న బ్లాకుల మధ్య గడ్డిలో అందరూ ఎండ కాచుకుంటున్నారు. ఆడవాళ్ళు బఠాణీలు ఒలుస్తున్నారు, స్వెట్టర్లు అల్లుతున్నారు. నాన్నగారు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, నా వ్యాసాన్ని ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదువుతూ హిందీలో అర్థం చెబుతున్నారు. ఆయన్ను అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు.

ఫౌజీ మావయ్య ఆలస్యంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. చేతిలో జిలేబీ పొట్లం. పేరు అచ్చులో పడిందని నలుగురికీ పంచడానికి తెచ్చాడు. వచ్చి, వెనకగా నిలబడి, నావైపు చూసి నవ్వాడు. సరిగ్గా అప్పుడే నాన్నగారు నాలుగో పేరాకు వచ్చారు. పేరు చదివారు. ఆ పేరు వినగానే మావయ్య నిటారుగా నిలబడ్డాడు. ఆ వెంటనే నాన్నగారు, "మత్‌లబ్, ఉస్‌కా సాథీ డర్ కే మారే బందూక్ ఫేంక్ కర్ భాగ్ గయా," అని అర్థం చెప్పారు.

నేను మావయ్య మొహం చూడలేక జిలేబీ పొట్లం చూశాను. పాకం కాగితంలోంచి ఊరి ఆయన వేళ్ళ మీదకు కారుతోంది. ఆయన తుడుచుకోలేదు. చదవడం అయిపోయాక పక్క బ్లాకు సర్దార్జీ వచ్చి ఆయన భుజం తట్టి, "భాయీసాబ్, ఆప్ తో హీరో నిక్లే," అన్నాడు. మావయ్య పొట్లాన్ని మా అమ్మ చేతికిచ్చి, "పిల్లలకి పెట్టండమ్మా," అని వెళ్ళిపోయాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచే ఆయన నడక ఆరోజు మరీ నెమ్మదిగా ఉంది.

ఆ వారమంతా నేను ఆటలకు వెళ్ళలేదు. కాళ్ళు చూపించాల్సి వస్తుందని భయం. శనివారం సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు.  నాన్నగారితో, "బాబుగారూ, రేపు పాపని ఘాజియాబాద్ తీసుకెల్తాను. మా పల్టన్ తాలూకు ఇంటికి. పొద్దుగూకకుండా తెచ్చేస్తాను," అన్నాడు. నాన్నగారు, "అచ్ఛా, సన్మానమా?" అని నవ్వి, పత్రిక ఒకటి తీసుకెళ్ళమని నాకు చెప్పారు. దాన్ని గుడ్డసంచీలో పెట్టుకున్నాను. అక్కడెవరున్నారో నాకు తెలుసు. తెలియనట్టే బయల్దేరాను.

రెండు బస్సులు మారి, యమున దాటి వెళ్ళాం. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, వేరుశనక్కాయలు కొనిచ్చి, తొక్కలు పడేసుకోవడానికి తన చెయ్యి చాపి ఉంచాడు. దారి పొడుగునా వ్యాసం మాట ఎత్తలేదు. ఆయన తిడితే బాగుండునని ఒక్కో స్టాపు దగ్గరా అనుకున్నాను. తిడితే నేను ఏడ్చేదాన్ని, ఏడిస్తే అయిపోయేది.

ఆవిడ ఒక బడిలో ఆయాగా పనిచేస్తోంది. భర్త పోయాక పల్టన్ వాళ్ళు ఇప్పించిన పని. బడి వెనకే ఒక గదిచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉంది. పదేళ్ళ కూతురు రెండు జడలతో గుమ్మంలో నిలబడి మా కోసం చూస్తోంది. ఆ పిల్ల పుట్టిన నెలకే తండ్రి కొండల మీదకు వెళ్ళాడట. నా కోసం పక్కింటి నుంచి కుర్చీ అడిగి తెచ్చి వేశారు. ఆవిడ నా బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది.

"రాసిన పాప నువ్వేనేటమ్మా? కూకో. నా కోసమే ఎండలో పడి వొచ్చినావు," అంది. తరవాత మావయ్య వైపు తిరిగి, "పుస్తకం తెచ్చినావా అన్నా?" అని అడిగింది.

"పుస్తకం తరవాత సూద్దువుగాని. రాసిన గుంటనే తెచ్చినాను. దాని నోటితోనే విను," అన్నాడు మావయ్య.

ఆవిడ నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఆయన పోయినాడని కాగితం ఒచ్చింది తల్లీ. ఎలా పోయినాడో కాగితంలో నేదు. ఈ అన్నని అడిగితే సలికి పోయినాడంతాడు, తల దించుకుంతాడు. నువ్వు రాసింది సెప్పు, వింతాను," అంది.

నేను మావయ్యను చూశాను. ఆయన గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుని, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నావైపు చూడలేదు. నేను రాసింది చెప్పమంటున్నాడో, తను చెప్పింది చెప్పమంటున్నాడో అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ మొహం ఎదురుగా పెట్టుకుని ఆ నాలుగో పేరా చెప్పడం నావల్ల కాదు. ఎవరి వల్లా కాదు.

ఆయన నాకు చెప్పిందే చెప్పాను. గుడ్డ బూట్లు, ఉత్తరువు, మంచు, దుంగ, వాగు. ఎక్కడా ఏమీ కలపలేదు. మేజోళ్ళ దగ్గరకు వచ్చేసరికి పమిట కొంగు వేలికి చుట్టుకుంటున్న ఆవిడ ఆగిపోయింది. నేను పట్టించుకోలేదు, చెప్పుకుపోయాను. బూటు అడుగు ఊడిపోవడం, కంబళి పీలికలు, నల్లబడ్డ పాదాలు, వీపు మీద మోసుకు రావడం, పొగ కనిపించడం, దింపమనడం. అంతా అయ్యాక తలెత్తి చూస్తే ఆవిడ నన్ను చూడడం లేదు. మావయ్యను చూస్తోంది. అప్పుడు గాని నాకు తెలియలేదు. పదేళ్ళలో ఆయన ఆ మేజోళ్ళ మాట ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పలేక చెప్పలేక, అచ్చులో పడితే ఆ రకంగా తెలుస్తుందని నాకు చెప్పాడు.

"ఏ రంగువి?" అంది ఆవిడ.

మావయ్య వెంటనే చెప్పాడు. "బచ్చలిపండు రంగు. మడమ కాడ పసుప్పచ్చ గీత."

"ఊలు సాలక ఆ గీత ఏసినాను," అంది.

 బయట బడి గంట కొట్టే ఇనుప పట్టా మీద కాకి వాలి ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"నెల నెలా వొచ్చి నా గుమ్మంలో కూకుని ఎల్తన్నావు. ఒక్కనాడన్నా సెప్పకపోయినావేటి అన్నా?"

"ఎలా సెప్పమంతావు సెల్లీ. నువ్వు అల్లినవి నా కాళ్ళకొచ్చినాయి. నాను నడిసి ఒచ్చినాను," అన్నాడు మావయ్య. ఆ పెద్దమనిషి మా అందరి పాదాలూ పట్టి చూసేవాడు. తన పాదాలను మాత్రం పంచె కిందకు ముడుచుకున్నాడు.

ఆవిడ లేచి కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఆయనకిచ్చింది. "ఆయన ఇచ్చినాడు. నువ్వు లాక్కున్నావేటి? తాగు," అంది. ఆ తరవాత నా దగ్గరకు వచ్చి తల నిమిరి, "ఇదే రాసినావా తల్లీ పుస్తకంలో?" అని అడిగింది.

నేను అవునని తల ఊపాను.

మావయ్య విన్నాడు. కాదనలేదు. ఇంకొక్క క్షణం ఆగితే నేనే నిజం చెప్పేసేదాన్నేమో, ఇప్పటికీ తెలియదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

అన్నం, తోటకూర పప్పు పెట్టింది. మేము తింటుండగా ఆ పిల్ల నా గుడ్డసంచీలోంచి పత్రిక తీసి, గోడకు ఆనుకుని పేజీలు తిప్పుతోంది.  ఆ పిల్లది హిందీ బడి, ఇంగ్లీషు చదవడం రాదు. కానీ బడి ఫారాల్లో తండ్రి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసీ రాసీ ఆ వరస బాగా తెలుసు. నా పేజీ దగ్గర ఆగింది. వేలు పెట్టి వెతికింది. దొరికింది.

"అమ్మా, దేఖో. పాపా కా నామ్," అంది.

ఆవిడ చెయ్యి పమిటకు తుడుచుకుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది. కూతురు ఒక్కో అక్షరం చూపిస్తుంటే వేలి కొసతో తడిమింది. ఆ పేరు తరవాత వచ్చే మాటలేమిటో ఆ ఇద్దరికీ తెలియదు. ఆ పేరు కింద గీత గీసినట్టు వాళ్ళ చూపు అక్కడే ఆగింది. ఆ వాక్యం మీద ఆవిడ వేలు ఉండడం నేను చూశాను. నా జీవితంలో అంతకంటే సిగ్గుపడిన ఘడియ మరొకటి లేదు.

బయల్దేరేటప్పుడు ఆ పిల్ల పత్రికను గుండెకు ఆనించుకుని గుమ్మం దాకా వచ్చింది. "దీదీ, యే మైఁ రఖ్ లూఁ? ఉంచుకోనా?" అని అడిగింది.

నా కళ్ళ ముందు రెండేళ్ళ తరవాతి ఆ పిల్ల కనిపించింది. ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలవుతుంది. కూడబలుక్కుంటూ చదువుతుంది. "నహీఁ, నా దగ్గర ఇదొక్కటే ఉంది," అన్నాను. ఇంట్లో మరో మూడు ఉన్నాయి. అంటూనే పత్రిక అంచు పట్టుకుని లాగాను. ఆ పిల్ల వదల్లేదు. మళ్ళీ లాగాను. పేజీ మూల చిరిగి ఆ పిల్ల పిడికిట్లో ఉండిపోయింది. దాని మీద పేజీ నంబరు తప్ప ఏమీ లేదు. తల్లి, "పోనీలే, దీదీది అది," అని ఏడుపు అందుకున్న కూతుర్ని వెనక్కి తీసుకుంది.

బస్‌స్టాండుకు నడిచి వచ్చాం. బస్సు కదిలాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. "తిట్టడానికి తేలేదమ్మా నిన్ను. ఆడెవుడో నీకు తెలీదు. కాగితం మీద పేరుగానే తెలుసు. ఇల్లూ వాకిలీ ఉన్న మనిషని తెలిస్తే నువ్వలా రాయవని తెచ్చినాను," అన్నాడు.

"పుస్తకం ఇవ్వాల్సిందా మావయ్యా?" అని అడిగాను.

 "ఇచ్చుంటే ఆ గుంట ఎప్పుడో ఒకనాడు సదివి ఏడిసేది. ఇయ్యలేదు గనక ఇయ్యాలే ఏడిసింది. ఏది మేలో నాకూ తెలవదు," అన్నాడు. పెద్దవాళ్ళకు అన్నీ తెలుసునని నేను అనుకునే రోజులవి. ఆయన తెలవదన్నందుకు నాకు ఇంకా భయం వేసింది.

ఆ వారం పది రోజులూ కూర్చుని, ఆయన చెప్పిందంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను. ఆవిడకు తెలుగు నెమ్మదిగా చదవడం వచ్చు. పది పేజీలయింది. ఆయన దానికి చక్కగా కుట్టు వేసి, నల్ల కాలికో గుడ్డతో అట్ట కట్టి, జోడీదారు పేరును పైన నాచేతే రాయించి, ఘాజియాబాద్ తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ పుస్తకం చివర అర పేజీ ఖాళీ వదిలాను. అచ్చులో నేను రాసింది అబద్ధమని అక్కడ రాద్దామనుకున్నాను. రెండుసార్లు కలం పట్టుకున్నాను. రాయలేదు. మావయ్య ఆ ఖాళీ చూశాడు గాని ఎందుకని అడగలేదు.

స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. టీచరుకు చెబితే కప్పు వెనక్కి తీసుకుంటారని భయం. నాన్నగారికి చెబితే ఆదివారం ఎండలో ఆయన మొహం మీద చూసిన ఆ సంతోషం ఏమవుతుందోనని భయం. ఆయన పోయేదాకా ఆ కప్పు మా ముందుగదిలో రేడియో పక్కనే ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. చూపించినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

మావయ్య రిటైరయ్యాక ఊరికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు కార్డు ముక్కలు వచ్చేవి, తరవాత ఆగిపోయాయి. నేను చదువుకుని, ఒక ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకురాలిగా చేరాను. ఉద్యోగం వచ్చిన ఏడే ధైర్యం చేసుకుని ఘాజియాబాద్ వెళ్ళాను. ఆ బడి స్థానంలో వేరే కట్టడం లేస్తోంది. ఆయాగారి గురించి ఎవరూ చెప్పలేకపోయారు. కూతురి పెళ్ళి చేసిందనీ, కాదు తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోయిందనీ రెండు మాటలు విన్నాను. ఆ కూతురికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఆ పత్రిక పాత కాపీ ఎక్కడో ఏ లైబ్రరీలోనో ఆమెకు దొరికిందో లేదో, దొరికి ఉంటే చదివిందో లేదో, నాకు తెలిసే దారి లేదు.

ఈ మధ్య నా మనవరాలు స్కూలు ప్రాజెక్టు అని, ఎవరైనా సైనికుడి గురించి చెప్పు నానమ్మా, అని హిందీలో అడిగింది. ఫోన్‌లో రికార్డు చేస్తానంది. చెప్పాను. పదాతి సిపాయిల కథలో పన్నెండేళ్ళ పిల్లగా నేను చేసిన పని కూడా దాచకుండా చెప్పాను. విని, "ఫిర్ ఆప్‌నే సారీ నహీఁ బోలా?" అంది. లేదన్నాను. ఆ పిల్ల రికార్డింగు ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

నా ఉద్యోగమంతా ఒక అలవాటు ఉండేది. ఏ కాగితంలోనైనా మనిషి పేరు వస్తే, అనువాదం అక్కడ ఆపి, ఆ మనిషి ఇంట్లో దీన్ని ఎవరు చదువుతారా అని ఒకసారి అనుకునేదాన్ని. పై అధికారులు నన్ను నిదానస్తురాలనేవారు. పడ్డాను. ఎవరి గురించైనా నాలుగు మాటలు రాయాల్సి వస్తే ఇప్పటికీ ముందు వాళ్ళకు చదివి వినిపిస్తాను. వినేవాళ్ళు లేకపోతే పేరు రాయను.

ఇవన్నీ నేర్చుకున్న మంచి బుద్ధులు. ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది మాత్రం వేరే ఉంది. ఆ పిల్ల పట్టు ఏమంత బలమైనది కాదు. పదేళ్ళ పిల్ల. మూడోసారి లాగాల్సిన పని రాలేదు. తన తండ్రి పేరున్న కాగితాన్ని ఎదుటి మనిషి అంత గట్టిగా ఎందుకు లాగుతోందో అర్థం కాక, నా మొహంలోకి ఒకసారి చూసి, రెండో చేతి పట్టు తనే వదిలేసింది.